సేటు సాంచాకు నా మొగుడేసిన ముడులు

దయ్యాలంటే నవ్వేదాన్ని. మేముండే కనేరి గల్లీల్లో సాంచాల, అంటే కరెంటు మగ్గాల, మోత మధ్య బతికేవాళ్లకు దయ్యం వచ్చి అరిచినా వినపడదు. నేను చెబుతుంటే నా చెల్లెలి కూతురు రాస్తోంది. నమ్మితే నమ్మండి, లేకపోతే పొండి.

నా మొగుడు సాంచా మీద బట్ట నేసేవాడు. అదే కార్ఖానాలో నేను కండెలు చుట్టేదాన్ని. బట్టకు గిరాకీ పడిపోయి, మందీ వచ్చి సేటు సగం సాంచాలు ఆపేశాడు. నా మొగుడిది కూడా, పడుగు పోగులు తెగి వేలాడుతుండగానే, ఆగిపోయింది.

అప్పుడు కూలీల్ని పనికి కుదిర్చే మా ఊరి ముకద్దం సముద్రంలో నూనె బావుల మీద రంగులేసే పనికి మనుషుల్ని తీసుకుపోయాడు. ఒకడికి జ్వరమొస్తే వాడి పాసు మీద నా మొగుణ్ని బావుల దగ్గరికి పోయే హెలికాప్టర్ ఎక్కించాడు. ఒకడి బదులు ఇంకొకడు పనిలోకి పోవడం కార్ఖానాల్లో మాకు మామూలే. ఆ హెలికాప్టర్ ఒడ్డు నుంచి లేచీ లేవగానే సముద్రంలో పడింది. ఎవరూ బతకలేదు. నా మొగుడి శవం దొరకలేదు.

ముకద్దాన్ని అడిగితే, "నీ పెనిమిటి ఎక్కనే లేదక్కా. ఎవతెనో ఎంటేసుకొని పోయిండు గావచ్చు" అన్నాడు. పాసు సంగతి బయటపడితే జైలుకు పోతానని వాడి భయం. మా అత్త ఆ మాటే పట్టుకుంది. కొడుకు బతికే ఉన్నాడని దినాలు చేయనీయలేదు.

శుక్రవారం కరెంటు ఉండదు, కార్ఖానా మూస్తారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఊడ్వడానికి తాళం తీశాను. తాళంచెవి నా కొంగుకే ఉంటుంది. లోపల నా మొగుడి సాంచా మీద తెగిన పోగులన్నీ ముడేసి ఉన్నాయి.

అతని కుడి చూపుడువేలు సాంచాలో పడి సగం పోయింది. అందుకని ఎడమచేత్తో, కొసల్ని తోకల్లా పొడుగ్గా వదిలి ముడేసేవాడు. దానికి సేటుతో తిట్లు కూడా తిన్నాడు. అవే తోకలు. తడిగా ఉన్నాయి. నాలుకకు ఆనించాను. ఉప్పు.

ముకద్దాన్ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను.

"ముడి జూసి మొగన్ని గుర్తువడ్తవా? పిచ్చి లేసిందా నీకు?"

"గా చెయ్యి నాకు తెల్వదారా? ముట్టుకో. ముట్టుకోరా దొంగ నాయాలా!"

ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయాడు. మా అత్త మాత్రం వచ్చి ఆ తోకల్ని ఒక్కొక్కటే తడిమింది. దినాలకు ఒప్పుకుంది.

తాళం వేసిన తలుపు ఎట్లా దాటాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాకున్నది కోపమే. సముద్రంలోంచి అంత దూరం వచ్చినవాడు సేటు సాంచా బాగుచేసి పోయాడు. ముకద్దం ఉండేది పక్క గల్లీలోనే. వాడి గొంతుకు ఒక్క ముడి వేయలేకపోయాడా?