గ్రౌండ్‌లో కూర్చోని మా సారు

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు నాకు కల్హేర్ సంతలో తెలిసింది. అప్పుడు ఆటోలోంచి పుచ్చకాయలు దించుతున్నాం. తమ్ముడు పైనుంచి విసురుతున్నాడు, నేను కింద పట్టి కుప్ప పోస్తున్నాను. సారు పొద్దున టీ తాగి లేవబోతూ పడిపోయారనీ, దవాఖానకు చేర్చేలోపే అయిపోయిందనీ నాతో చదువుకున్నవాడొకడు ఫోన్ చేసి చెప్పాడు. నేను ఫోన్‌ను చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకుని వింటుంటే తమ్ముడు చూసుకోక ఇంకో కాయ విసిరాడు. అది నా చేతుల్లోంచి జారి రోడ్డు మీద పగిలింది. నా చేతిలోంచి కాయ జారడం వాడు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

సారు గురించి నాలుగు మంచి మాటలు రాయమని స్కూలువాళ్లు నన్నడిగారు. మంచి మాటలకు కొదవ లేదు. కానీ మా సారుకు ఒక పగ ఉండేది, అందులో సగం నాది. దాన్ని పక్కన పెట్టి రాస్తే అది వేరే ఎవరి గురించో అవుతుంది.

మా నారాయణఖేడ్‌లో అప్పుడు పిల్లలందరికీ క్రికెట్టే. సారు ఏదో ట్రైనింగ్‌కు వెళ్లి బేస్‌బాల్ నేర్చుకుని వచ్చారు. మా సామానంతా రెండు బ్యాట్లు, నాలుగు బంతులు, ఒకే ఒక్క గ్లవ్. ఆ గ్లవ్ బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌కు పోయేది, మిగతావాళ్లవి ఉత్త చేతులే. ఈ ఆటలో బ్యాటర్ ఉరికి తాకాల్సిన బేస్‌లు నాలుగు, వాటిలో రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ నిలబడేవాణ్ణి షార్ట్‌స్టాప్ అంటారు. నేల మీద దూసుకొచ్చే బంతుల్లో సగం వాడి మీదికే వస్తాయి. వంగి పట్టాలి, లేస్తూనే విసరాలి, రెప్ప వేస్తే బ్యాటర్ బేస్ దాటిపోతాడు. జట్టు మొత్తం ఒక ఎత్తు, షార్ట్‌స్టాప్ ఒక ఎత్తు అనేవారు సారు.

అలాంటివాడి కోసం ఆయన స్కూల్లో వెతికేవారు కాదు. మార్కెట్లో లోడు దిగే రోజున హోటల్ బెంచీ మీద కూర్చుని టీ చల్లారబెట్టుకుంటూ చూసేవారు. అవును, ఆ రోజుల్లో కూర్చునేవారు. నేను అబ్బాతో, అంటే మా నాన్నతో కలిసి పుచ్చకాయలు దించుతుంటే వరుసగా మూడు వారాలు చూసి, నాలుగో వారం దగ్గరికొచ్చారు.

"అందరు కాయను చూస్తుండ్రు, నువ్వు ఇసిరెటోని భుజం చూస్తున్నవ్. ఎవరు నేర్పిండ్రు బేటా?" అని అడిగారు.

ఎవరూ నేర్పలేదనీ, కాయ పగిలితే అబ్బా వీపు పగలగొడతాడనీ చెప్పాను. సారు పెద్దగా నవ్వారు. అబ్బా మాత్రం నవ్వలేదు, చదువు సగం, పని సగం అయిన పిల్లవాడికి ఆట కూడా ఎందుకన్నాడు. సారు ఆయన్ను ఎలా ఒప్పించారో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు తెల్లారేసరికి నేను గ్రౌండ్‌లో ఉన్నాను.

ఉరకడం, విసరడం, పట్టడం, కొట్టడం, బలం. ఆటగాడిలో చూడాల్సినవి ఈ ఐదు అని పుస్తకాల్లో ఉంటుంది. సారు లెక్క వేరు. "బలం తిండితోని వస్తది, కొట్టుడు నేను నేర్పుత. పాదం కదులుడు మాత్రం ఎవ్వడు నేర్పలేడు, అది ముందే ఉండాలె" అనేవారు. మా గ్రౌండ్ నిండా రాళ్లే. బంతి ఎప్పుడు మోకాలికి వస్తుందో, ఎప్పుడు మూతికి వస్తుందో చెప్పలేం. నా పై పెదవి మీద మచ్చ అప్పటిదే. రెండేళ్లలో ఆ రాళ్లమీద బంతి ఎటు లేచినా నా రెండు చేతులూ ముందే అక్కడ ఉండేవి.

అప్పుడు జిల్లా సెలెక్షన్లు వచ్చాయి. నాకు వయసు ప్రకారం అదే ఆఖరి ఏడాది. ఎంపికైతే రాష్ట్ర జట్టు క్యాంపుకు పంపుతారు. అక్కడి గ్రౌండ్ చదునుగా, గడ్డితో ఉంది. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక సెలెక్టర్ కూర్చుని ఉన్నాడు. గ్లవ్ లేకుండా దిగనివ్వరని సారు ఎవరినో బతిమాలి ఒకటి తెచ్చి నా చేతికి తొడిగారు. నా జన్మలో గ్లవ్ తొడుక్కోవడం అదే మొదలు. మొదటి బంతి దాంట్లో పడి బయటికి దొర్లింది. రెండోదీ అంతే. నాకు చేయి మొద్దుబారినట్టయింది. గ్లవ్ ఊడదీసి నడుముకు దోపుకుని మిగతా బంతులన్నీ ఉత్త చేతులతో పట్టాను. కుడిపక్కకు పోయినవీ, ఎడమపక్కకు పోయినవీ, ఒక్కటి వదల్లేదు. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ పెద్దమనిషి చూసింది మొదటి రెండు బంతులే. ఆ తర్వాత పక్కాయనతో మాటల్లో పడి కుర్చీ అటు తిప్పుకున్నాడు. నేను గ్లవ్ తీశానని ఎవరో చెబితే, ఇదేమన్నా కబడ్డీ అనుకున్నాడా అని నవ్వాడు. కాగితం మీద నా పేరు ఎదురుగా మూడు ముక్కలు రాసి మా సారు చేతికిచ్చాడు. ఎత్తు తక్కువ. గ్లవ్ వాడటం రాదు. భవిష్యత్తు లేదు.

నాకు అప్పుడు పదహారేళ్లు. ఆ మూడో మాట రెండుసార్లు చదివాను. ఆ మనిషిని కొట్టాలనిపించింది. కొట్టేవాణ్ణే, సారు నా మెడమీద చేయి వేసి బస్టాండ్ దాకా నడిపించుకుపోయారు. బస్సు ఎక్కించారు. ఊరి దగ్గరికి వస్తుండగా అన్నారు: "గ్లవ్ సంగతి నా తప్పు. నీకు ముందే తొడిగిపియ్యాల్సి ఉండె. కానీ వాడు నీ కాళ్లు చూడలే. కూసున్న కుర్చీలకెళ్లి లేవకుండ షార్ట్‌స్టాప్‌ను తీసిపారేసిండు. బేటా, ఇగ నేను గ్రౌండ్ల కూసోను. సచ్చేదాంక కూసోను."

కోపంలో అన్నమాట అనుకున్నాను. కాదు. ఆ తర్వాత ప్రాక్టీసులో గానీ మ్యాచ్‌లో గానీ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగే టోర్నమెంట్లలో గానీ ఆయన కూర్చోగా ఎవరూ చూడలేదు. అన్నం డబ్బా కూడా నిలబడే తినేవారు. ప్రహరీ గోడ పక్కన, మూడో బేస్ గీత చివర ఆయన జాగా. అక్కడ రెండు పాదాల మేర గడ్డి మొలవడం మానేసింది. మోకాళ్లు పాడయ్యాక కూడా ఎవరైనా స్టూలు తెస్తే దాని మీద బంతుల సంచి పెట్టేవారు. మొదట చేసిన పని మాత్రం గ్లవ్‌లు సంపాదించడం. ప్రతి దుకాణం ఎక్కి దిగి, చిరిగినవీ కుట్టినవీ తొమ్మిది పోగేశారు.

నేను పళ్ల వ్యాపారంలో పడ్డాను. అయినా సంత లేని రోజుల్లో పిల్లలకు బంతులు కొట్టి పెట్టడానికి వెళ్లేవాణ్ణి. ఒకసారి సారూ నేనూ బోరంచ నల్లపోచమ్మ గుడికి వెళ్లాం. ఎవరిదో మొక్కుకోడి తాడు తెంపుకుని జనంలోకి ఉరికింది. పెద్దవాళ్లు నలుగురు దాని వెనకాల పడి మట్టి కరిచారు. ఒక సన్నటి పిల్లవాడు మాత్రం వెంటపడకుండా పక్కకు రెండడుగులు వేసి నిలబడ్డాడు, కోడి తిరిగి తిరిగి వాడి చేతుల్లోకే వచ్చింది. సారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "పాదం చూసినవా?" అన్నారు. అమ్మవారి దర్శనం మర్చిపోయి వాళ్ల నాయన ఎవరో వెతుక్కుంటూ పోయారు.

ఆ పిల్లవాడు మా గ్రౌండ్‌కు వచ్చిన మూడేళ్ల తర్వాత అదే సెలెక్షన్లు, అదే కుర్చీ, అదే మనిషి. సారు ఆయన ముందుకు పోయి, "జర లేవుండ్రి సార్, పిల్లగాని కాళ్లు చూడాలె" అన్నారు. ఆయన లేవలేదు. పక్కనున్న చిన్న సెలెక్టర్ లేచి గీత దాకా వచ్చి చూశాడు. బోరంచ పిల్లవాడు రాష్ట్ర జట్టుకు ఆడాడు. మరుసటి వారం పేపర్లో వచ్చింది, పల్లెటూరి ప్రతిభను తానే గుర్తించానని ఆ పెద్దమనిషి చెప్పాడట. సారు ఆ ముక్క కత్తిరించి, నా మూడు మాటల కాగితంతో కలిపి మడిచి నాకిచ్చారు. "దాసిపెట్టు, పనికొస్తది" అన్నారు. పనికొచ్చింది.

సారు సంతాప సభ గ్రౌండ్‌లోనే పెట్టాం. ఆ పెద్దమనిషిని ముఖ్య అతిథిగా నేనే పిలిచాను. పొంగిపోయి వస్తానన్నాడు. టెంట్‌హౌస్ వాడు కుర్చీలెన్ని అని అడిగితే ఒక్కటీ వద్దన్నాను, షామియానా కూడా వద్దన్నాను. సారు భార్యకు మాత్రం వరండాలో జంఖానా పరిచాం. ఆమెను మేమంతా అమ్మా అంటాం.

అమ్మ గ్రౌండ్ అంతా కలియజూసి, "కుర్చీలేవి బిడ్డా?" అంది. వచ్చేదెవరో చెప్పాను. సారు పోయిన ఐదు రోజులకు ఆమె మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. "మంచిగ చేసినవ్. ముసలోడు పడిపోకుండ చూస్కో, గా పాపం మనకొద్దు" అంది. జంఖానా మీద కూర్చోకుండా వచ్చి మా వరసలో నిలబడింది.

ఆయన వచ్చాడు. దండ వేశాడు. కూర్చోవడానికి అటూ ఇటూ చూశాడు. ఎండ మండుతోంది. సారూ తానూ కలిసి ఎందరో పిల్లలను వెలికితీశామని మాట్లాడాడు. తర్వాత మైకు నేను తీసుకున్నాను. మడత విప్పి నా మూడు మాటలు, పేపర్ ముక్క చదివాను. ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. ఆయన మొహం కందగడ్డ అయింది. నాకు హాయిగా ఉంది, ఈ మాట రాయడానికి సిగ్గుపడను.

చివర్లో మాటలకు బదులు ఆట పెట్టాం. బోరంచవాడు బంతులు కొట్టాడు, షార్ట్‌స్టాప్‌లో ఆరో తరగతి పిల్లవాడు. అప్పటికి సభ మొదలై గంటంపావు అయింది. పెద్దమనిషి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. ఒక్క కుర్చీ దొరుకుతుందా బాబూ అని మెల్లగా అడిగాడు.

"మా సారు గ్రౌండ్ల ఎవ్వరు కూసోరు సార్" అన్నాను.

వేరే దారిలేక ఆట చూశాడు. కాసేపటికి, పిల్లగాని కాళ్లు బాగున్నాయే అన్నాడు. తెలియకుండానే అన్నట్టుంది. పదేళ్ల కిందట లేచి నిలబడి ఉంటే నా కాళ్లూ కనిపించేవి. ఆయన నుదురు తుడుచుకుంటూ ప్రహరీ గోడ నీడ వైపు, గడ్డి మొలవని ఆ జాగా వైపు రెండడుగులు వేశాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"అక్కడ కాదు సార్. అది మా సారు జాగ."

ఆయన వెనక్కి ఎండలోకి వచ్చాడు. అమ్మ, మేము, పిల్లలు, ఆయన, అందరం ఎండలోనే నిలబడి ఉన్నాం. గోడ పక్కన రెండు పాదాల మేర నేల మీద మాత్రం నీడ ఉంది, అందులో ఎవరూ లేరు.