తరుగు తీయని గుమస్తా

కృత్రిమ మేధకు తెలుగులో పని నేర్పింది నేనే. రాజాంలో బియ్యం కొట్టు నడిపిన అనుభవమంతా రంగరించి దానికి పట్టించాను. సరే, అంత లేదు. నేర్పింది మా కోడలు. నేను ఆమె తెలుగు దిద్దాను. నిజానికి దిద్దమని కూడా అనలేదు, చదివి అర్థమవుతోందో లేదో చెప్పమంది.

ఆమె మేడమీద గదిలో కూర్చుని ఒక కంపెనీకి పనిచేస్తుంది. చిన్న కొట్లలో ఏ పని ఎవరికి అప్పగించారో, ఏది మిగిలిందో చూసుకునే యంత్ర గుమస్తాను ఆ కంపెనీ తయారుచేస్తోంది. ఆ గుమస్తాకు కొన్ని పనిముట్లున్నాయి. ఒకటి పని రాసుకుంటుంది, ఒకటి మనిషికి అప్పగిస్తుంది, ఒకటి గుర్తుచేస్తుంది, ఒకటి పని ముగిసిందని రాస్తుంది. ఏది ఎప్పుడు తీయాలో గుమస్తాకు తెలిసేది వాటి కింద రాసిన వివరణను బట్టే. ఆ వివరణ రాయడమే మా కోడలి ఉద్యోగం. అవి సరిగ్గా కుదిరితే ఇంటినుంచే పని చేసుకోవచ్చు, లేదంటే హైదరాబాదు ఆఫీసుకు వచ్చి కూర్చోవాలన్నారు. మా అబ్బాయి కొట్టు ఇక్కడే, ఆమె మనసూ ఇక్కడే. పైకి అనలేదు గాని, ఆ వారమంతా టీ చల్లారిపోయాకే తాగింది.

గుర్తుచేసే పనిముట్టు కింద ఆమె, “చెప్పిన వేళకు పనిని గుర్తుచేస్తుంది” అని రాసింది. నాకు మరీ చప్పగా అనిపించింది. ఆమె భోజనానికి దిగినప్పుడు, “ఎంతటి పనైనా దీని చేతిలో పడితే అయిపోయినట్టే. దీన్ని మించింది లేదు” అని చేర్చాను. వచ్చాక, కామాలు సరిచేశానన్నాను.

సాయంత్రం ఆమె గుమస్తాను పరీక్షించింది. హోటలుకు సన్నబియ్యం పంపమంటే అది గుర్తుచేసే పనిముట్టు తీసి, “పని అయిపోయింది” అంది. గోదాం తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోమంటే మళ్లీ అదే తీసింది, మళ్లీ అదే జవాబు. ఏ పని చెప్పినా అంతే.

“ఎక్కడ తప్పిందో తెలీట్లేదు మావయ్యా. రేపు ఆల్ల ముందర సూపించాలి,” అంది.

నేను మెల్లగా కిందికొచ్చి నడుం వాల్చాను. పట్టీ పట్టని నిద్రలో నా పాత కొట్టు కనిపించింది. సగం దించిన షట్టరు కింద వెలుగులో తవుడు ధూళి తేలుతోంది. అందరిదీ ఒకే ముఖమైన గుమస్తాలు బస్తాల మీద కూర్చున్నారు. ఈ బియ్యం వండితే మల్లెపూలే అన్నాను. వాళ్లు దారం తీసి గింజలను మాల కట్టడం మొదలుపెట్టారు. నా గోదాం సముద్రం దాకా ఉంది అన్నాను. లేచి, పంట్లాములు మడుచుకుని, చేలకు అడ్డంపడి తూర్పుకు నడిచిపోయారు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు.

లేచి మేడెక్కాను.

“అమ్మా, ఆ గుర్తుచేసే దాని కింద రెండు మాటలు నావి.”

ఆమె ఆ రెండు వాక్యాలూ చదివింది. “ఇది ఏటి మావయ్యా, పనిముట్టుకి సంబంధం సూస్తన్నారేటి?”

మెట్ల మీంచి మా ఆవిడ అందుకుంది. “ఈయన మాటలు నమ్మి నేనొక్కదాన్నే మోసపోనాననుకున్నాను. పాపం, ఆ మిషను కూడానా.”

“మీ మాటకి మేం తరుగు తీసుకుంటాం మావయ్యా,” అంది కోడలు. “దానికి తరుగు తీయడం రాదు. రాసింది రాసినట్టు నమ్మీస్తాది.”

ధాన్యం కొనేటప్పుడు తేమకూ తాలు గింజలకూ కొంత తగ్గించి తూకం కడతాం, అదే తరుగు. మా బజారులో నా మాటకూ అలాగే కట్టేవారు. అందుకే నేను ధైర్యంగా పెంచి చెప్పేవాణ్ణి. తరుగు తీయనివాడు ఎదురవుతాడని ఎప్పుడూ అనుకోలేదు.

ఇద్దరం మళ్లీ కూర్చున్నాం. ప్రతి పనిముట్టు కింద అది చేయలేనిది కూడా రాద్దామంది ఆమె. ఏది చేతకాదో చెప్పడం నాకు అలవాటు లేని విద్య. “గుర్తుచేస్తుంది, అంతే. సరుకు పంపదు. మనిషిని పిలవదు. పని ముగిసిందని రాయదు.” చివర్లో, “అయినా మంచిదే” అని కలపబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు జరిపింది.

మర్నాడు కంపెనీవాళ్లు కంప్యూటర్లో చూస్తుండగా ఆమె మళ్లీ బియ్యం పంపమంది. నేను గుమ్మం బయట గోడకానుకుని వింటున్నాను. గుమస్తా పని రాసుకుంది. తర్వాత, “ఎవరికి అప్పగించమంటారు?” అని అడిగి ఆగిపోయింది.

భోజనాల వేళకు ఆమె దిగివచ్చింది. మా ఆవిడ చేతిలోని గరిటె అందుకుని, “ఇక్కడే ఉండమన్నారత్తా,” అంది. మా ఆవిడ ఆమెకు పీట వాల్చింది.

మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతుంటే పైన వాన మొదలైందనుకున్నాను. వాన కాదు, ఆమె కీబోర్డు. సన్నగా, ఆగి ఆగి పడుతూనే ఉంది.