బస్సు కప్పు కింది వినయం

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో పొడుగ్గా పుట్టినవాడి కష్టం పగవాడికి కూడా వద్దు. పోలీసు చర్య అయిన మరుసటేటి మాట. కర్ఫ్యూలు తీసేశాక, అన్నాళ్లూ ఇళ్లలో కూర్చున్న జనమంతా ఒకే బస్సు ఎక్కినట్టుండేది. ఆ బస్సు నేనెక్కేదే. నాకు నాంపల్లిలో కొత్తగా గుమాస్తా ఉద్యోగం. రాణిగంజ్‌లో ఎక్కేసరికి సీటు మాట దేవుడెరుగు, తల పెట్టుకోవడానికే చోటుండేది కాదు. ఆ కప్పు వేసినవాడు నాలాంటివాడొకడు ఉంటాడని కలలో కూడా అనుకుని ఉండడు. మెడ వంచి, గడ్డం గుండెకు ఆనించి, దిగేదాకా అలాగే నిలబడేవాణ్ణి. పొడుగువాడికి అన్నీ కనిపిస్తాయంటారు. నాకు కనిపించినవల్లా జనం ఒళ్లోని టిఫిన్ డబ్బాలు, కాళ్లకున్న చెప్పులు. (ఎవరి చెప్పు ఎక్కడ తెగిందో ఇప్పటికీ చెప్పగలను.) కడ్డీ అందనివాళ్లు నా చెయ్యి పట్టుకుని వేళ్లాడేవాళ్లు. "లంబూ సాబ్, జెర ఇటు జరుగుండ్రి, మీ చంక కింద ఇంకిద్దరు పడతరు" అనేవాడు కండక్టర్.

నేను నిలబడే చోట, ఎదురు సీట్లో రోజూ ఒక పెద్దమనిషి ఉండేవాడు. తలకు తెల్ల రుమాలు చుట్టేవాడు. సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం. స్టేషన్ దగ్గరే ఎక్కి సీటు పట్టేవాడు, నేను దిగాక కూడా ఇంకా ముందుకు పోయేవాడు. కాబట్టి ఆయన నన్ను బస్సు కప్పు కింద తప్ప మరెక్కడా చూడలేదు. (కథంతా ఇక్కడే ఉంది.) ఒకరోజు "ఎవరి పిల్లగానివి బిడ్డా? ఏం పని చేస్తున్నవ్?" అని అడిగాడు. ఆయన రుమాలుకు జవాబు చెప్పాను, నా ముఖం ముందు ఉన్నది అదే మరి. వారం తిరక్కుండా మా ఇంటికి కబురొచ్చింది. మా పిల్ల ఉంది, వచ్చి చూసుకోండి అని.

అమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అప్పటికే రెండు సంబంధాలు నా ఎత్తు చూసి తప్పిపోయాయి. రెండోచోట పిల్ల నాయనమ్మ "దండ ఎయ్యాల్నంటే మా పిల్లకు నిచ్చెన కావాలె" అని ముఖం మీదే అనేసింది. ఇది కూడా తప్పితే నాకిక పెళ్లే కాదని అమ్మ భయం. నా భయమూ అదే, కాకపోతే పైకి చెప్పలేదు.

వాళ్లది మోండా మార్కెట్ వెనక సందులో పెంకుటిల్లు. గుమ్మం నా భుజం దాకా వచ్చింది. వంగి లోపలికి వెళ్తే అక్కడ దూలాలు ఇంకా కిందికి ఉన్నాయి. వంగినవాణ్ణి వంగినట్టే చాప మీద కూర్చున్నాను. పెద్దమనిషి భార్యతో గొప్పగా అన్నాడు: "చూసినవా, గడప దాటంగనే తల వంచిండు. బస్సుల సుత గిట్లనే. పెద్దల ముంగట ఒక్కనాడు తల ఎత్తలే." అమ్మకు దగ్గు వచ్చింది. నేను చాప అల్లిక చూస్తూ ఉండిపోయాను.

పిల్ల వచ్చి చాయ్ పెట్టి వెళ్లింది. మనిషి చిన్నది, కళ్లు చురుకైనవి. నాకు బాగా నచ్చింది. నచ్చగానే భయం రెట్టింపైంది, ఎందుకంటే చాయ్ అయ్యాక లేవాలి, వాకిట్లో పైన కప్పు లేదు. ఇంకో చాయ్ అడిగాను. అదీ అయిపోయింది. మళ్లీ అడగబోతుంటే అమ్మ "ఇగ లెవ్వు బిడ్డా" అంది.

వాకిట్లోకి వచ్చి నడుము ఎత్తాను, కొంచెం కొంచెంగా. పెద్దమనిషి చూపు నా చొక్కా గుండీల వెంట పైకి ఎక్కి, మెడ దగ్గర కాసేపు ఆగి, మళ్లీ ఎక్కింది. రుమాలు జారిపోకుండా చేత్తో పట్టుకున్నాడు. "అయిపోయిందా బిడ్డా, ఇంక ఉన్నదా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. "నేను వినయం అనుకుంటి" అన్నాడాయన, నాసిరకం బట్ట కొన్నవాడిలా. ఇది కూడా పోయిందనుకున్నాను. అప్పుడు తలుపు చాటు నుంచి పిల్ల వాళ్లమ్మతో అంది, అందరికీ వినిపించేంత మెల్లగా. "గీయన పొడుగని నాకెరికే కదమ్మా. లష్కర్ బోనాల జాతర్ల, గంత జనంల నేను తప్పిపోతే గీయన కాడనే నిలబడ్డ. నువ్వు గీ పొడుగాయన్ను చూసే గద నా కాడికి వస్తివి. ఎంతసేపు నిలబడ్డా, ఒక్కపారి సుత కిందికి చూడలే."

"అవ్ గదనే, గాయనే" అంది తల్లి.

తండ్రికి నేను తల వంచడం నచ్చింది, కూతురికేమో నేను తల వంచలేదని కోపం. పెద్దమనిషి నన్నూ, తలుపునూ మార్చి మార్చి చూశాడు. "అంటే గుంపుల పిల్ల తప్పిపోదన్నట్టు" అని చివరికి నవ్వేశాడు. పెళ్లిలో దండ వేసేటప్పుడు ఆమె "ఇప్పుడన్న కిందికి చూడుండ్రి" అంది. నిచ్చెన అవసరం రాలేదు.

ఆ తర్వాత ఎంత జనంలోనైనా ఆమె నన్ను వెతికింది లేదు, తల ఎత్తి చూస్తే సరిపోయేది. ఇప్పటి బస్సుల కప్పులు ఎత్తుగా ఉంటున్నాయి. నా నడుమే వంగిపోయింది. మొన్నటి బోనాలలో ఆమె జనంలో నాకోసం అటూ ఇటూ తిరిగి, పక్కనే ఉన్న నన్ను చివరికి పట్టుకుని, "చెయ్యి ఇడువకుండ్రి, మీరు తప్పిపోతే ఇగ నేనెట్ల కనిపెట్టాలె" అంది. గొంతులో కోపం ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. చెయ్యి పట్టుకున్నాను. మామ ఉంటే మురిసిపోయేవాడు. పైన కప్పు లేకపోయినా అల్లుడు తల వంచుకునే నడుస్తున్నాడు.