పెద్దమ్మ చెంబులో వాన

కోవిల్‌పట్టిలో ఉండే మా పెద్దమ్మ చేతిసంచిలో చిన్న స్టీలు చెంబు ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడ నీళ్లు కారుతున్నా దాని కింద చెంబు పెట్టనిదే ఆవిడ అడుగు ముందుకు వేయదు. పెళ్లి మండపంలో కూలరు కారినా, బస్సు పైకప్పు కారినా అంతే.

ఒకసారి ఆవిడను విరుదునగర్‌లో మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ వాననీటిని దాచుకునే ఇంటి నమూనా ఉంది. మీట నొక్కితే బుల్లి మిద్దె మీద వాన పడి, గొట్టం గుండా కింది తొట్టిలోకి చేరుతుంది. ఆ నీళ్లనే మోటారు మళ్లీ పైకి తోడి వాన కురిపిస్తుంది. బడిపిల్లలు నొక్కుతూ కేరింతలు కొడుతుంటే ఉన్నట్టుండి వాన ఆగిపోయింది. కాపలా అతను మీటను బాదాడు, తీగలు కదిపాడు, మిషన్ చెడిపోయిందని తమిళంలో చెప్పేశాడు. పిల్లల మొహాలు వాడిపోయాయి.

చూద్దును కదా, గొట్టం కింద పెద్దమ్మ చెంబు, అంచుదాకా నిండి!

"వేస్టుగా పోతాదని పట్టినాను పాపా," అని నాతో గొణిగి, తొట్టిలో కుమ్మరించింది. మళ్లీ వాన! పిల్లల ఈలలకు మిద్దె ఎగిరిపోతుందేమో అనిపించింది.

ఇప్పుడు కోవిల్‌పట్టిలో మబ్బులు కమ్మి కూడా కురవకపోతే, పెద్దమ్మ వీధిలోకొచ్చి ఆకాశానికి చెయ్యి ఊపుతుంది.

"పైన ఎవరో చెంబు పట్టుకోని ఉండారు. చాల్లేమ్మా, పోసేయ్!"