పచ్చరంగు వేసే ముందు

మ్యాపు మీద ఏ కాలనీకైనా పచ్చరంగు వేసే ముందు అమల కళ్లద్దాలు తీసి, చున్నీతో తుడిచి, మళ్లీ పెట్టుకుంటుంది. పచ్చరంగంటే అంబులెన్సు పది నిమిషాల్లో చేరుతుందని. అక్కడికి కొత్త బండి ఇవ్వరు. కొత్త బళ్లు ఎక్కడ కావాలో చెప్పే నివేదిక ఇవ్వాల్సిన ముందురోజు సాయంత్రం, ఎల్బీనగర్‌లో డ్యూటీ ఎక్కబోతున్న అంబులెన్సు డ్రైవర్ అంతయ్య, ఆమె ల్యాప్‌టాప్‌లో ఒక పచ్చ కాలనీకి గీసిన దారి చూసి నవ్వాడు.

"మీ గీత డివైడర్ దుంకింది మేడమ్. నా బండి దుంకదు కద! యూటర్న్ తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలైతది."

"అయ్యో! ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేంటండీ?"

"ఎవలడిగిండ్రు?"

ఎవరి ప్రాణమో తన చేతిలోంచి జారబోయి ఆగినట్టు అనిపించి, అమల చేతులు జోడించింది. అంతయ్య సిగ్గుపడి, "గిదేంది మేడమ్" అంటూ బండి అద్దం తుడవసాగాడు.

మర్నాడు పొద్దున ఆమె ఆ కాలనీని ఎర్రగా మార్చింది. డ్యూటీ దిగిన అంతయ్యకు టీ ఇచ్చి, దిల్‌సుఖ్‌నగర్ దాకా మ్యాపంతా చూపించి, "ఇంకా ఎక్కడెక్కడ తప్పు చేశానో చెప్పండి" అంది.