తెల్లగౌను పిల్ల, మా వదిన

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపల మోకాళ్ళకి నూనె రాసుకుంటా కూచున్నాను. ఫోను మోగింది. దేశదేశాల వాళ్ళు కలిసిన ఒక అభిమానుల గ్రూపు నా ఫోనులో ఉంది. అందులో నేను తప్ప మదనపల్లె పేరు విన్నవాళ్ళు ఇంకెవరూ ఉండరు. వాళ్ళ భాషలన్నింటినీ ఫోనే అరకొర తెలుగులోకి తిప్పి చూపిస్తుంది. ఈ రోజు వార్త ఏమిటంటే, మేమందరం అభిమానించే ఆ మంచు మీద ఆడే పిల్ల రాబోయే సీజనులో కూడా పోటీకి దిగుతుందట. కొత్త పాట ఎంచుకుందట, కొత్త గురువు దగ్గర చేరిందట. ఒకరు ఏడుపు బొమ్మలు పెట్టారు, ఒకరు పూలు పెట్టారు. ఇదే ఆఖరుదని కొందరు, కాదని కొందరు వాదులాడుకుంటున్నారు. నాకు మాత్రం సంతోషం కంటే ముందు ఒళ్ళంతా అలసట కమ్మింది. "ఇంగొక సీజనా తల్లీ," అన్నాను పైకే. ఆ మాట పట్టుకొని నాతో వాదనకి దిగే మనిషి ఇప్పుడు లేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఫిగర్ స్కేటింగ్ అంటారు దాన్ని. బూట్ల కింద కత్తిలాంటి బ్లేడు బిగించుకొని, గడ్డకట్టిన మంచు నేల మీద పాటకు తగ్గట్టు జారుతా, ఎగురుతా, బొంగరంలా తిరుగుతా ఆడే ఆట. మా వైపు మంచుగడ్డ అంటే చేపలమ్మే చోటో, సోడా బండి మీదో చూసిందే. ఇక సీజను అనే మాటకి మదనపల్లెలో టమాటా తప్ప వేరే అర్థం లేదు. ఒకసారి పుంగనూరు బస్సులో కూచొని వదినతో ఫోనులో, "ఈ సీజన్లో నిలబడిందంటే చాలు వదినా, పోయిన సీజను మొత్తం పడిపోవడమే కదా," అన్నాను. పక్క సీట్లో నిమ్మనపల్లె రైతు ఒకాయన నా వైపు ఎంతో ఆత్మీయంగా తిరిగి, "ఎన్నెకరాలు పెట్టినారమ్మా?" అని అడిగాడు. ఉన్నది చెప్తే నమ్మడని, ఎకరమేనని చెప్పాను. బస్సు దిగేదాకా పాపం నన్ను ఓదారుస్తానే వచ్చాడు.

వదిన అంటే మా ఆయనకి అక్క. పుంగనూరులో ఒంటరిగా ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, కొడుక్కి కుప్పంలో ఉద్యోగం. ఒకరోజు స్నానాల గదిలో జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి, ప్లేటు వేసి, కదలకుండా పడుకోమన్నారు. నేనప్పుడే టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. రిటైరైన ఆడదంటే చుట్టాలందరి లెక్కలో ఊరికే ఉండే మనిషి. నన్నెవరూ అడిగినట్టు గుర్తు లేదు, నేను సరేనన్నట్టూ గుర్తు లేదు. బట్టల సంచీతో పుంగనూరులో దిగాను. పొద్దున లేస్తే దుప్పట్లు ఉతకడం, ఒళ్ళు తుడవడం, రాగి జావ తాగమని బతిమాలడం, ఆమె తాగనంటే నేనే తాగేయడం. మా ఇద్దరికీ ఎప్పుడూ పెద్ద పొత్తు లేదు. ఆమె మాట కరుకు, నాది పెడసరం. పగలంతా ఒకే గదిలో ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమెకి నొప్పి, నాకు నడుము పట్టు. ఇద్దరమూ విసిగిపోయి ఉన్నాం.

మధ్యాన్నం అన్నాలయ్యాక టీవీ పెట్టేదాన్ని. ఆమె చూసే సీరియళ్ళ కోసం వెదుకుతా ఉంటే ఒకనాడు ఏదో ఆటల ఛానెలు తగిలింది. తెల్లగౌను వేసుకున్న బక్కపలచటి పిల్ల ఒకటి మంచు మీద ఒంటరిగా నిలబడి ఉంది. మార్చబోయాను.

"ఉండు మే, తిప్పద్దు," అనింది వదిన. "ఆ సలికి అంత పల్సన గౌనేందే? ఒక స్వెట్టరన్నా ఎయ్యకూడదా వాళ్ళమ్మ?"

పాట మొదలైంది. ఆ పిల్ల జారుకుంటా పోయి, వెనక్కి తిరిగి, గాల్లోకి లేచి మూడు చుట్లు తిరిగి, ఒంటి కాలి మీద చప్పుడు లేకుండా దిగింది. వదిన ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. తర్వాత రెండోసారి ఎగిరి పడింది. తుంటి మీదనే పడింది. వదిన "అమ్మా" అని కేక పెట్టి తన తుంటి పట్టుకుంది. ఆ పిల్ల లేచి, గౌనుకంటిన మంచు కూడా దులుపుకోకుండా పాట వెంట పరుగెత్తింది. అప్పట్నుంచి వదిన ఆ పిల్లని వదల్లేదు. పేరు నోరు తిరగక "తెల్లగౌను పిల్ల" అని పిలిచేది. గౌను తర్వాత నీలమైంది, ఎరుపైంది. పేరు మాత్రం మారలేదు. నేను ఫోనులో పాత ఆటలన్నీ వెదికి చూపించేదాన్ని. పన్నెండేళ్ళ పిల్లగా ఆడిన ఆట, మొదటి పతకం, పతకం రాక ముఖం దాచుకున్న రోజు, అన్నీ ఎవరో దాచి పెట్టే ఉన్నారు.

పక్కింట్లో బట్టలు కుట్టే సాయిబులామె ఉండేది, వీధంతా ఆమెని ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళు. వదినని చూడ్డానికని వచ్చి, ఆ గౌన్లు చూసి మాతో పాటు మూడో అభిమానిగా చేరిపోయింది. ఎగరడాలతో ఆమెకి పని లేదు. "కొంచెం ఆపమ్మా ఆడ, ఆ చేతులు సూడాల," అని ఫోను లాక్కునేది. భుజం నుంచి మణికట్టు దాకా పల్చటి వల, దాని మీద తీగలాగా పూసలు. పోటీలో మార్కులేసే వాళ్ళు కూడా ఆ చేతుల్ని అంత శ్రద్ధగా చూసి ఉండరు. రంజాన్ నెల పోయాక ఒక పెళ్ళికూతురి రవికకి ఆపా అవే చేతులు కుట్టింది. ఆ ఏడు ఆ వీధిలో ఏ పెళ్ళికి పోయినా అవే చేతులు. గ్రూపులో వాళ్ళు ఆ పిల్లని చూసి ఏయే దేశాల్లో ఎంతమంది పిల్లలు ఆట నేర్చుకుంటున్నారో గొప్పగా రాసుకుంటారు. పుంగనూరు పెళ్ళికూతుళ్ళ సంగతి వాళ్ళకి తెలీదు. నేనొక ఫోటో పెడితే ముసురుకున్నారు.

మరుసటి ఏడు రెండు కబుర్లూ ఒకే వారంలో వచ్చాయి. ఆ పిల్ల మోకాలు దెబ్బతినింది, ఇదివరకే ఒకసారి కోసిన మోకాలే. మళ్ళీ ఆపరేషను చేయించుకొని రాబోయే సీజనుకి తిరిగొస్తానని చెప్పింది. ఇక్కడ వదిన ఎముక సరిగా అతుక్కోలేదని తేలింది. ఇంకో ఆపరేషను చేస్తే నడవొచ్చు, నడవకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు. వయసు కదా, గ్యారంటీ చెప్పలేనన్నాడు. కుప్పం నుంచి వదిన కొడుకు, నా మేనల్లుడు, చేయిద్దామని పట్టుబట్టాడు. నేనూ వాడి వైపే. దాపరికమెందుకు, ఆమె లేచి నడిస్తే నాకు విడుదల. ఆ ఆశతోనే మదనపల్లె, పుంగనూరు మధ్య బస్సుల్లో తిరుగుతున్నాను.

ఆ మధ్యాన్నం గ్రూపులో వచ్చినవి చదివి వినిపిస్తున్నాను. అందరూ "నువ్వు యోధురాలివి, లేచి రా," అని రాస్తున్నారు.

"ఈళ్ళకేం, రాస్తారు," అనింది వదిన. "ఇంగ సాలమ్మా, కూసో అనేవాళ్ళు ఒకరన్నా లేరా ఆ బిడ్డకి?"

"అదేం మాట వదినా? అంత ఆట ఉన్న పిల్ల. ఇంకా వయసుండాది."

"కాలు ఎవురిదే? ఆ బిడ్డది కదా. ఆ పిల్లే వస్తానంటే రానీ. ఈళ్ళందరూ యాల తరమతాండారు? మళ్ళా కోసి, మళ్ళా కుట్టి, మళ్ళా పండబెట్టి. వాళ్ళ సంతోషం కోసరమా?"

నేను ఇంకా ఏదో చెప్పబోయాను, ఆమె గోడ వైపు ముఖం తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి అందక కొంగు కోసం వెదుక్కుంటా ఉంది. కరుకు మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. కొంగు చేతికిచ్చి మంచం పక్కన కూచున్నాను. ఫోను పక్కన పెట్టాను.

"వదినా, నీకు చేయించుకోవాలని లేదా?" అని అడిగాను. అన్ని నెలల్లో ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు.

"లేదు మే. నాకు నడవాలని లేదు. నొప్పి లేకుండా కూసోవాలని ఉండాది. వాకిట్లో కూసోని పొయ్యే వాళ్ళని, వచ్చే వాళ్ళని సూస్తా. అంతే."

ఆ ఆదివారం నేను కుప్పం పోయాను. మేనల్లుడు అన్నం ముందర కూచొని ఉంటే, మీ అమ్మకి ఆపరేషను వద్దంట అని చెప్పాను. "అత్తా, రేపు ఊళ్ళో వాళ్ళు ఏమంటారు? తల్లిని పట్టించుకోలేదంటారు," అన్నాడు. "అంటారు, నాయనా. అననీ," అన్నాను. వాడు కంచం పక్కకి జరిపాడు. "సరే, ఆపరేషను వద్దులే, ఈడికే పిలుచుకొస్తా," అన్నాడు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. విడుదల దొరికిందని కాదు. వాదించడానికి ఇక ఓపిక లేక.

వదిన కుప్పంలో చక్రాల కుర్చీలో ముంగిట్లో కూచునేది. తమిళం, కన్నడం, తెలుగు కలగలిపి మాట్లాడుకుంటా పోయే వాళ్ళందరినీ పలకరించేదట. పుంగనూరులో ఉన్నన్నాళ్ళు నాకు వినబడని నవ్వు ఫోనులో వినబడేది. తెల్లగౌను పిల్ల అన్నట్టే తిరిగొచ్చింది. మునుపటి ఎత్తు లేదు. మూడు చుట్లు తిరగాల్సిన చోట రెండే తిరిగింది. పతకానికి చాలా దూరంలో ఆగిపోయింది. అయినా పాట అయిపోయాక నడిమధ్య నిలబడి, చిన్నపిల్లలాగా పడీపడీ నవ్వింది. నేను ఇక్కడ చూశాను, వదిన అక్కడ మనవరాలి ఫోనులో చూసింది.

"సూస్తివా?" అనింది ఫోను చేసి. "నేను వద్దంటి గానీ, వచ్చిందే మంచిదాయ. ఎంత సంతోషంగా ఉండాదో ఆ ముండ."

"ఈసారి నేనూ నీ మాటే నెగ్గాలని, ఆ పిల్ల రాకూడదనే అనుకున్నాను వదినా."

"ఆ బిడ్డ నా మాట ఇనకపోయింది, మంచిదాయ. నువ్వు నా మాట ఇంటివి. అదీ మంచిదాయ."

ఆమె నాతో మెత్తగా మాట్లాడిన మాటల్లో అదే పెద్దది. పోయిన చలికాలం, ముంగిట్లో కుర్చీలోనే, ఎవరినో పలకరించబోతా తల వాల్చేసిందట. కబురు తెలిసి నేను పోయేసరికి ఆపా పుంగనూరు నుంచి నాకంటే ముందే వచ్చి, గోడకానుకొని కూచొని ఉంది. ఆమె కొద్దిగా జరిగి నాకు చోటిచ్చింది.

ఆ పుంగనూరు గదిలో ఒక్కో మధ్యాన్నం ఎప్పుడు గడుస్తుందా అని నేను గడియారం వైపే చూసేదాన్ని. గడవదనుకున్న కాలం గడిచిపోయింది. అది ఎంత తొందరగా గడిచిందో తెలుసుకోవడానికి మాత్రం నాకిప్పుడు బోలెడంత తీరిక.