డార్ట్‌మౌత్‌లో గ్రైమ్ విన్న మధ్యాహ్నం

మా అమ్మాయి కెజియా కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్‌లో చదువుకుంటూ గ్రైమ్ అనే ర్యాప్ సంగీతంలో పడింది. ఒట్టావా పక్కన కనాటాలో మా ఇంట్లో కూర్చుని, వీడియో కాల్‌లో అది పాడింది విని, ఇది పాటా, తగాదానా అన్నాను. నొచ్చుకుంది. "ఒక్కసారి వచ్చి ఎదురుగా విను మమ్మీ. అప్పటికీ నచ్చకపోతే ఐ వోంట్ ఆస్క్ అగైన్," అంది. ఆ మాటకు భయం వేసి టికెట్ బుక్ చేశాను. పిల్లలు పిలవడం మానేస్తే మనకు మిగిలేదేముంది?

ఒట్టావా నుంచి విమానంలో రెండు గంటల లోపే. ఎయిర్‌పోర్ట్ బయటే సిటీ బస్సు దొరుకుతుంది, టాక్సీ జోలికి పోనక్కర్లేదు. డౌన్‌టౌన్‌లో దిగి ఫెర్రీ పడవ ఎక్కితే పావుగంటలో అవతలి ఒడ్డున డార్ట్‌మౌత్. టికెట్టు మూడు డాలర్లకు అటూ ఇటూ. శనివారం ఎండ బాగా కాస్తోంది, నీళ్ల మీద గాలికి ప్రాణం హాయిగా ఉంది.

షో ఒక కాఫీ షాపు వెనక గదిలో. మ్యూజిక్ నడిపే మార్కస్ తల్లిదండ్రులది తూర్పు లండన్. ఇది పుట్టింది అక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలోనేనని చెప్పాడు. క్లబ్బుల్లో మోగే గరాజ్ సంగీతాన్ని కుర్రాళ్లు ఇంటి కంప్యూటర్ల మీద గరుకుగా మార్చుకున్నారట, అనుమతి లేని రేడియోల్లో దాని మీద మాటలు పేల్చారట. నిమిషానికి సుమారు నూట నలభై దెబ్బలు. అడుగున బేస్ గోడల్ని వణికిస్తుంది, మధ్యలో మాటకు చోటు వదులుతారు. మా తెలుగు చర్చిలో క్వయర్ నడిపే నా చేతికి ఆ వేగం అందలేదు. సగం వేగంలో తాళం వేస్తే చక్కగా కుదిరింది.

కెజియా మైకు అందుకుంది. ఇంగ్లీషులో దంచుతూ దంచుతూ హఠాత్తుగా "లేచావా, తిన్నావా, ప్రార్థన చేసుకున్నావా" అంది. రోజూ ఫోన్లో నేను అడిగేవే. గదిలో వాళ్లంతా గోల గోల చేశారు. మార్కస్ సంగీతాన్ని గిర్రున వెనక్కి తిప్పి ఆపేశాడు.

మా క్వయర్‌లో వాయిద్యం ఆగిందంటే పాడేవాళ్లు తప్పారనే అర్థం, చరణం అందించడం నా పని. హ్యాండ్‌బ్యాగ్‌తో సహా స్టేజీ ఎక్కి, దాని చెవిలో ఆ మాటలు అందించాను. మైకు వాటిని గదంతా వినిపించింది.

కెజియా నవ్వేసింది. "తప్పలేదు మమ్మీ. దట్స్ ఎ రీలోడ్. బాగా నచ్చితేనే ఆపి, మళ్లీ మొదటినుంచి వేస్తారు."

మా తెనాలి పద్య నాటకాల్లో వన్స్ మోర్ లాంటిదన్నమాట. సిగ్గుతో దిగబోతే నా చెయ్యి వదల్లేదు. మళ్లీ మొదలుపెట్టి, ఆ చోటు రాగానే మైకు నా ముందు పెట్టింది. కాస్త ఆలస్యంగానే అడిగాను, లేచావా, తిన్నావా అని. మార్కస్ మళ్లీ వెనక్కి తిప్పాడు.

గ్రైమ్ ఇంట్లో పెట్టుకుని వింటానా అంటే, ఇంకా లేదు. కానీ విసుక్కుంటూ ఫోన్ పెట్టేసే పిల్ల నా మాటల్ని ఇంత శ్రద్ధగా వింటోందని ఆ రోజే తెలిసింది. చాలా సంతోషం వేసింది. మీరూ వెళ్తే ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి, పాట మధ్యలో ఆగితే మాత్రం కంగారుపడి లేవకండి. నేను లేచాను. వచ్చే షోకి మా అమ్మాయి మళ్లీ రమ్మంటోంది, ఈసారి వినడానికి కాదట.